గుండె మెషీన్ల క్లాసుకి వెళ్ళొచ్చా, మరి మీరు వెళ్ళొచ్చా అంటే

ముందే చెప్పేస్తున్నా, క్లాసుకి నా మార్కులు ఐదుకి మూడున్నర. ఆ మూడున్నరలో మూడు అక్కడ పాఠం చెప్పిన ఒక్క మేడమ్‌కే, మిగతా అర భోజనానికి.

మన శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ నుంచి కాస్త లోపలికెళ్తే ఒక హోటల్ మేడ మీద హాల్లో పెట్టారు, శని ఆది రెండ్రోజులు, నర్సులకి మాత్రమే, గుండెకి మెషీన్లు పెట్టుకున్న పేషెంట్లు వస్తే ఎలా చూసుకోవాలి అని. ఫీజు 1500, భోజనం టీలు అందులోనే. పెట్టినవాళ్ళ పేరు రాయట్లేదు, మన నర్సుల వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఆ పోస్టర్ తిరిగింది కాబట్టి వెళ్దామనుకునేవాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది, పైగా కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి.

నేను ఇక్కడే ఒక ప్రైవేట్ ఆస్పత్రి ఐసీయూలో తొమ్మిదేళ్ళుగా చేస్తున్నా. సొంత డబ్బులు పెట్టుకుని, వీక్లీ ఆఫ్ తగలేసుకుని, పిల్లల్ని అమ్మ దగ్గర దింపి మరీ ఎందుకెళ్ళానంటే దాని వెనక ఒక రాత్రి ఉంది.

మొన్న వేసవిలో నైట్ డ్యూటీ, రెండు దాటింది, యాభై దాటిన ఒకాయన్ని తీసుకొచ్చారు, పెళ్ళి భోజనం తిని వాంతులు విరేచనాలు. మొహం పీక్కుపోయింది గానీ మనిషి శుభ్రంగా మాట్లాడుతున్నాడు. చెయ్యి పట్టుకున్నా, నాడి లేదు. రెండో చెయ్యి, లేదు. మెడ దగ్గర చూస్తే ఉన్నట్టూ లేనట్టూ ఏదో. బీపీ కఫ్ చుడితే మూడుసార్లూ ఎర్రర్. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్ పెడితే ఒకసారి 70 అంటుంది, ఒకసారి ఏమీ చూపించదు. ఆయనేమో "మంచినీళ్ళు తాగొచ్చా అమ్మా" అని అడుగుతున్నాడు. నాకు కాళ్ళు వణికాయి, నిజంగానే, తొమ్మిదేళ్ళ సర్వీసు ఎటు పోయిందో. చొక్కా ఎత్తి చూస్తే పొట్ట పక్క నుంచి ఒక వైరు బయటికొచ్చి నడుముకి కట్టుకున్న సంచిలోకి పోతోంది. స్టెత్ పెడితే లబ్ డబ్ లేదు, పక్కింట్లో మిక్సీ తిరుగుతున్నట్టు గుంయ్‌మని ఒకటే శబ్దం.

ఎల్‌వ్యాడ్ అన్నమాట. ఎడమ జఠరిక, అంటే గుండెలో కింది ఎడమ గది, పని చెయ్యనివాళ్ళకి రక్తం తోసే పంపు, చెన్నైలో పెట్టించుకున్నారట. పేరు విన్నా, పరీక్షకి రెండు మార్కులకి చదివా, కళ్ళతో చూడ్డం అదే మొదలు. ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టర్‌గారు "నాడి లేకపోతే సీపీఆర్ మొదలెట్టకుండా నాకు ఫోనేంటి" అన్నారు, "సార్ ఆయన మంచినీళ్ళు అడుగుతున్నాడు" అన్నా. అటువైపు కాసేపు మాటే లేదు.

ఆ రాత్రి నాకు క్లాసు చెప్పింది వాళ్ళావిడ. "సిస్టరమ్మా, ఆ రెండు బేటరీలూ ఒక్కసారి తీసీకండి, ఒకటి మార్చి పెట్టినాకే రెండోదాని మీద చెయ్యెయ్యాల. నాడి కోసం ఎతక్కండి, ఆయనకి దొరకదు. ఆ వైరు లాగిపోకుండా సూడండి." సంచి జిప్పు తీసి లోపలున్న కార్డు తీసి నా చేతిలో పెట్టింది, అందులో చెన్నై నంబరు, అర్ధరాత్రైనా రెండో రింగుకే ఎత్తారు. వాళ్ళు మా డాక్టర్‌గారితో మాట్లాడి సెలైన్ ఎంత, ఎంత స్పీడులో అని చెప్పారు, తెల్లారాక అంబులెన్స్‌లో విశాఖ పంపించాం, ఛార్జర్లూ స్పేర్ బ్యాటరీలూ అన్నీ లెక్కపెట్టి మరీ ఎక్కించింది ఆవిడ. ఆవిడ ఏడో తరగతి. నేను జీఎన్ఎమ్ నర్సింగ్ డిప్లొమా, ఫస్ట్ క్లాస్. అదీ సంగతి.

సరే క్లాసు గురించి. శనివారం పొద్దున్న రెండు గంటలు దండగ. గుండెకి నాలుగు గదులు, కవాటాలు, కరెంటు ఎస్‌ఏ నోడ్ నుంచి ఎలా వస్తుంది, ఇవన్నీ నర్సింగ్ మొదటి సంవత్సరం పాఠాలే. స్లైడ్లన్నీ ఇంగ్లీషు, చెప్పినాయన వాటిని చదవడమే. పక్కన కూర్చున్న టెక్కలి అమ్మాయి ఫోన్లో ఆర్డర్లు పెట్టుకుంటోంది. మధ్యలో ఒక్క కథ మాత్రం అందరం తల ఎత్తి విన్నాం. 1958 అక్టోబర్‌లో స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే ఆయనకి ప్రపంచంలో మొదటిసారి పేస్‌మేకర్, అంటే గుండెని కరెంటుతో తట్టి కొట్టించే మెషీన్, ఒంట్లో పెట్టారు, ఆ మొదటిది పనిచేసింది కొన్ని గంటలే, తర్వాత జీవితాంతం మార్చుకుంటూ మొత్తం 26 పెట్టించుకుని 2001లో 86 ఏళ్ళకి పోయారు, అంతకుముందే ఆపరేషన్ చేసిన సర్జన్ సెనింగ్‌గారూ తయారుచేసిన ఇంజనీర్ ఎల్మ్‌క్విస్ట్‌గారూ ఇద్దరూ వెళ్ళిపోయారు. పేషెంటే అందర్నీ సాగనంపాడు అంటే హాలంతా నవ్వు.

తర్వాత ఒక కంపెనీ అబ్బాయి వచ్చి గంటసేపు వాళ్ళ మోడళ్ళ గురించి చెప్పాడు, టై కట్టుకుని పాపం, చెమటలు. ప్రకటన చూడ్డానికి నేను 1500 కట్టలేదు కదా అనుకున్నా గానీ ఒక్క ముక్క పనికొచ్చింది. వైర్లు లేని పేస్‌మేకర్లు వచ్చాయి, మైక్రా అనేది అమెరికాలో 2016లో అనుమతి వచ్చిన రకం, పెద్ద క్యాప్సూల్ అంత ఉంటుంది, గజ్జల్లో సిర నుంచి పంపి నేరుగా కుడి జఠరికలోనే దించేస్తారు. అంటే ఛాతీ మీద మచ్చ ఉండదు, ఉబ్బెత్తూ ఉండదు. మనం ఏం చేస్తాం, కాలర్‌బోన్ కింద తడిమి ఏమీ లేకపోతే "పేస్‌మేకర్ లేదు" అని రాసేస్తాం. ఇకమీదట అడిగి, కార్డు చూసి రాయాలి. ఈ రకానికి మాగ్నెట్ పెట్టినా (మాగ్నెట్ ఎందుకో కింద చెప్తా) స్పందించదట, అదీ అక్కడే తెలిసింది.

మధ్యాహ్నం భోజనం బావుంది, పులిహోర, వంకాయ కూర, గోంగూర పచ్చడి, పెరుగు గడ్డగా. అర మార్కు దీనికే.

భోజనం తర్వాత వచ్చారు మేడమ్. విశాఖలో క్యాథ్ ల్యాబ్ (గుండెకి సన్న గొట్టాలు పంపి చికిత్స చేసే గది), సీసీయూ (గుండె జబ్బుల ఐసీయూ) కలిపి ఇరవయ్యేళ్ళు పైన చేశారట. మైకు పక్కన పెట్టేసి, స్లైడ్లు ఆపించేసి, బల్ల మీద టెంపరరీ పేసింగ్ బాక్స్, అంటే బయట ఉండి వైరు ద్వారా గుండెని తాత్కాలికంగా తట్టే పెట్టె, పెట్టి "ఎవరికి దీన్ని చూస్తే భయం, చెయ్యెత్తండి" అన్నారు. అరవై మందిలో ఒక్కరూ ఎత్తలేదు. "అబద్ధాలాడేవాళ్ళకి కాఫీ లేదు" అన్నారు, అప్పుడు లేచాయి చేతులు, నాది మొదటిది.

రేటు, అవుట్‌పుట్, సెన్సిటివిటీ, మూడే మూడు నాబ్‌లు. రేటు అందరికీ తెలుసు. అవుట్‌పుట్ అంటే మిల్లీయాంపుల్లో ఎంత గట్టిగా తట్టాలి అని, గుండె పలికే కనీసం ఎంతో చూసి దానికి రెండు మూడింతలు పెడతారు, ఎందుకంటే అంచున పెడితే రాత్రికి చాలకుండా పోవచ్చు. సెన్సిటివిటీ దగ్గరే నాకు ఎప్పుడూ తిరకాసు, అంకె తగ్గిస్తే సెన్సిటివిటీ పెరుగుతుంది, ఇదేటి తల్లీ అనుకునేదాన్ని. మేడమ్ చెప్పింది వినండి. అరుగు మీద చెవుడున్న మామ్మ కూర్చుంది, ఈ అంకె ఆవిడకి వినిపించాలంటే ఎంత గట్టిగా అరవాలో ఆ అంకె. రెండు దగ్గర ఉంటే గుసగుస కూడా వింటుంది, పది దగ్గర ఉంటే కేకెయ్యాలి. మరీ తగ్గించేస్తే వీధిలో పోయేవాళ్ళ మాటలన్నీ తన కొడుకు మాటలే అనుకుని ఊరుకుంటుంది, అంటే కండరాల కదలికని కూడా గుండె కొట్టుకోవడం అనుకుని మెషీన్ తట్టడం మానేస్తుంది. మరీ పెంచేస్తే కొడుకు వచ్చి పిలిచినా వినపడక తన పాట తను పాడుతుంది, అంటే గుండె తనంతట తను కొట్టుకుంటున్నా మీద పడి తడుతుంది. ఇంకెప్పుడైనా మర్చిపోతానా.

తర్వాత బొమ్మ మీద ప్రాక్టీసు. మేడమ్ మనం చూడనప్పుడు వెనక నుంచి ఒక వైరు వదులు చేసేస్తారు. మానిటర్ మీద మెషీన్ తట్టిన గీత వస్తుంది, దాని వెనక క్యూఆర్ఎస్, అంటే గుండె పలికిన అల, రాదు. నా ముందు బ్యాచ్‌లో ఒకమ్మాయి కంగారులో అవుట్‌పుట్ మొత్తం పైకి తిప్పేసింది. వైరు ఊడిపోయి ఉంటే ఎంత పెంచినా ఎవరికి పోతుంది కరెంటు. ముందు పేషెంట్ మొహం, పల్స్, తర్వాత కనెక్షన్లు పేషెంట్ వైపు నుంచి బాక్స్ దాకా వేలితో తడుముకుంటూ రావాలి, బ్యాటరీ, ఆ తర్వాత అవుట్‌పుట్ పెంచడం, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెడితే ఒక్కోసారి లీడ్ (గుండెలోకి వెళ్ళే వైరు) మళ్ళీ గుండె గోడకి తగిలి పట్టుకుంటుంది, ఇదంతా చేస్తూనే డాక్టర్‌ని కేకెయ్యాలి, ఛాతీ పైనుంచి పేసింగ్ చేసే ప్యాడ్లు అంటించి రెడీ పెట్టాలి. చదివితే రెండు లైన్లు. బొమ్మ దగ్గర నిలబడితే నాకు పట్టింది రెండు నిమిషాల పైనే, రెండోసారి నలభై సెకన్లు.

ఇంకోటి, ఇది మా వార్డులో ఎవరికీ తెలీదు, వెళ్ళి అందరికీ చెప్పా. పేసింగ్ ఉన్న పేషెంట్‌కి మానిటర్ కొన్నిసార్లు ఆ గీతల్నే గుండె కొట్టుకోవడం అనుకుని 70 అని చూపిస్తూ కూర్చుంటుంది, అలారం మోగదు, మనిషి మాత్రం పోతూ ఉంటాడు. మానిటర్‌లో పేసర్ ఆప్షన్ ఆన్ చెయ్యాలి, దాన్ని కూడా పూర్తిగా నమ్మకుండా వేలి క్లిప్ అల చూడాలి, చేత్తో పల్స్ చూడాలి.

ఆదివారం పొద్దున్న బెలూన్ పంప్. ఇది మా దగ్గర లేదు, మన వైపు చాలా చోట్ల లేదు, కాబట్టి తొందరగా చెప్పేస్తా. గుండెకి సాయంగా బృహద్ధమనిలో (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) పెట్టే బెలూన్, హీలియంతో ఉబ్బుతుంది, గుండె సడలినప్పుడు ఉబ్బి, మళ్ళీ కొట్టబోయే ముందు తగ్గిపోతుంది. కాలు మడవనివ్వకూడదు, తల వైపు 30 డిగ్రీలు దాటి ఎత్తకూడదు, కాలి నాడులు చూస్తూనే ఉండాలి. ఎడమ చేతి నాడి తగ్గితే బెలూన్ పైకి జరిగిందేమో, యూరిన్ తగ్గితే కిందికి జరిగిందేమో అనుమానించాలి. గ్యాస్ ట్యూబ్‌లో రక్తం కనిపిస్తే బెలూన్ చిరిగినట్టే, ఆపి పిలవాలి. బెలూన్ లోపల కదలకుండా అరగంట ఉంచకూడదు, రక్తం గడ్డ కడుతుంది. మేడమ్ నిజాయితీ ఏంటంటే 2012లో 600 మందితో జర్మనీలో చేసిన స్టడీలో హార్ట్ ఎటాక్ వచ్చి బీపీ పడిపోయి షాక్‌లోకి వెళ్ళినవాళ్ళకి దీనివల్ల నెలలోపు చావులు తగ్గలేదని తేలింది, అప్పట్నుంచి వాడకం తగ్గిందని కూడా చెప్పేశారు. కంపెనీ అబ్బాయి అయితే చెప్పేవాడా.

ఎల్‌వ్యాడ్ కోసమే నేను వెళ్ళింది, అక్కడే నిరాశ. ఉత్త స్లైడ్లు. పంపుని నడిపే కంట్రోలర్ లేదు, బ్యాటరీ లేదు, నకిలీది కూడా లేదు. పోస్టర్ మీద మాత్రం దాని ఫొటోనే పెద్దగా వేశారు, ఇది మోసం అనను గానీ అంత దూరంలో కూడా లేదు. మేడమ్‌కే ఇచ్చారు ఆ సెషన్ కూడా, చేతిలో వస్తువు లేకుండా ఆవిడ మాత్రం ఏం చేస్తారు, అయినా నా రాత్రి సంగతి చెబితే దాన్నే కేసుగా తీసుకుని అరగంట నడిపించారు.

అప్పుడు అర్థమైంది ఆ రాత్రి ఏం జరిగిందో. పంపు ఆగకుండా తిరుగుతూ రక్తం తోస్తుంది కాబట్టి నాడి అందకపోవచ్చు, బీపీ మెషీన్ తికమక పడుతుంది, వేలి క్లిప్ కూడా. చెయ్యాల్సింది చేతి డాప్లర్‌తో, అంటే రక్తం పారే శబ్దం వినిపించే చిన్న మెషీన్‌తో, మామూలు కఫ్ బిగించి వదులుతూ శబ్దం మొదలైన చోట అంకె చూడాలి, మామూలుగా 70 నుంచి 90 మధ్య ఉంచమంటారు. గైనిక్ వార్డులో బిడ్డ గుండె వినేది లోతుకి, దీనికి పైపైన రక్తనాళం వినే ప్రోబ్ కావాలి. వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే పంపుకి అందే రక్తమే తగ్గుతుంది, ఫ్లో పడిపోతుంది, నీరు మరీ తగ్గిపోతే జఠరిక గోడని లోపలికి పీల్చేస్తుంది, బోరులో నీళ్ళు లేకుండా మోటర్ తిప్పినట్టు. అందుకే చెన్నైవాళ్ళు సెలైన్ లెక్కగా ఎక్కించమన్నారు. స్పృహ లేకుండా వస్తే ముందు చెవి పెట్టి గుంయ్ శబ్దం ఉందా, అలారం మోగుతోందా, కనెక్షన్లు బిగుతుగా ఉన్నాయా, బ్యాటరీ ఉందా చూడాలి. పంపు ఆగిపోయి తిరిగి నడవకపోతే, శరీరానికి రక్తం అందట్లేదని తెలిస్తే ఛాతీ నొక్కాల్సిందే, అమెరికా హార్ట్ అసోసియేషన్ 2017లోనే చెప్పింది, వైరు ఊడుతుందేమో అని మనిషిని వదిలెయ్యకూడదు. షాక్ ఇవ్వాల్సొస్తే ఇవ్వచ్చు. ఎమ్మారైకి మాత్రం పంపకూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు మీద ఉంటారు, కాబట్టి నల్ల విరేచనం అయిందా, ముక్కు నుంచి రక్తమా అని అడగాలి. మేడమ్ ఇంకోటి అన్నారు, ఈ పేషెంట్ వస్తే ఇంట్లోవాళ్ళని బయటికి పంపకండి, ఆ గదిలో మెషీన్ గురించి మీకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు వాళ్ళే. మా ఐసీయూలో అటెండర్లని గేటు బయటే ఆపుతాం. ఆ రాత్రి ఆపి ఉంటే ఏమయ్యేదో.

నేనో ప్రశ్న అడిగా. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, ఉద్దానం వైపు కరెంటు రోజుల తరబడి లేదు, అలాంటప్పుడు ఈ పేషెంట్ ఉంటే? క్లాసు పెట్టినవాళ్ళలో ఒకాయన మైకు తీసుకుని "బ్యాటరీలు ఉంటాయి కదా" అన్నారు. రెండు బ్యాటరీలు ఫుల్‌గా ఉంటే పది నుంచి పదిహేడు గంటలు, ఆ తర్వాత ఏటి చేస్తాం? మేడమ్ మైకు లాక్కుని తుపాను హెచ్చరిక రాగానే ఆ మనిషిని జనరేటర్ ఉన్న ఆస్పత్రి దగ్గరికి చేర్చాలి, కాలువలు పొంగకముందే, అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నగరం వాళ్ళు తయారుచేసిన క్లాసు అని అక్కడ తెలిసిపోతుంది, రాత్రి ఒక్క నర్సు, ఫోన్లో డాక్టరు, గంటన్నర దూరంలో పెద్దాస్పత్రి, ఈ లెక్కలో ఎవరూ ఆలోచించలేదు.

మాగ్నెట్ గురించి కూడా చేతికిచ్చి చూపించారు, గారెలా చిల్లు ఉన్న బిళ్ళ. మామూలు పేస్‌మేకర్ మీద పెడితే గుండె చప్పుడు పట్టించుకోకుండా ఒకే రేటుతో తడుతుంది, ఆ రేటు కంపెనీని బట్టి. ఐసీడీ, అంటే గుండె లయ ప్రమాదకరంగా తప్పితే లోపల్నుంచే షాక్ కొట్టే మెషీన్, దాని మీద పెడితే షాక్ ఇవ్వడం ఆగుతుంది గానీ పేసింగ్ మారదు. ఊరికే పదే పదే షాక్ కొడుతున్న పేషెంట్‌కి ఇది ప్రాణం మీద నుంచి దింపినట్టే, కాకపోతే మాగ్నెట్ ఉన్నంతసేపూ డీఫిబ్ (బయట నుంచి షాక్ ఇచ్చే మెషీన్) పక్కనే ఉండాలి, ప్యాడ్లు డివైస్‌కి కనీసం 8 సెంటీమీటర్లు ఎడంగా.

అన్నిటికన్నా గట్టిగా తగిలింది మాత్రం చివర్లో టెక్కలి అమ్మాయి అడిగింది. పేస్‌మేకర్ ఉన్న మనిషి పోతే? దహనంలో ఆ బ్యాటరీ పేలుతుంది. కాబట్టి బాడీ ఇచ్చే ముందు ఇంట్లోవాళ్ళకి చెప్పి, ఒప్పించి, డాక్టర్ చేత తీయించాలి. ఐసీడీ అయితే ముందు ప్రోగ్రామర్ అనే సెట్టింగుల మెషీన్‌తో షాక్ ఆపించాకే చెయ్యి పెట్టాలి, లేకపోతే తీసేవాళ్ళకే కొడుతుంది. ఏడుస్తున్న వాళ్ళ దగ్గరికెళ్ళి "కొయ్యాలి" అని ఎలా అంటాం? మేడమ్ ఆ మాట పలికి చూపించారు, అచ్చం మన వాళ్ళతో అన్నట్టే, "అమ్మా, నాన్నగారి ఒంట్లో మెషీన్ ఉంది కదా, నిప్పులో అది పేలుతుంది, చుట్టూ ఉన్న మీకు దెబ్బ తగులుతుంది, చిన్న కోత, కుట్టేసి ఇస్తాం." హాల్లో ఎవరూ కదల్లేదు. ఇన్నేళ్ళలో నేను ఎంతమందిని అలాగే పంపించానో లెక్క తెలీదు.

ఇంటికెళ్ళే పేషెంట్లకి చెప్పాల్సినవి, ఫోన్ చొక్కా జేబులో పెట్టద్దు ఆరంగుళాలు ఎడంగా రెండో చెవి దగ్గర పెట్టుకోమనడం, ఇండక్షన్ స్టవ్‌కి రెండడుగులు దూరం, వెల్డింగ్ చేసేవాళ్ళయితే డాక్టర్‌ని అడక్కుండా పనిలోకి వెళ్ళద్దు, ఇవి ఫోటోకాపీ ఇచ్చారు, ఇంగ్లీషులోనే. మన పేషెంట్‌కి ఇంగ్లీషు కాగితం ఇచ్చి ఏం లాభం. నేనే తెలుగులో రాసి మా స్టేషన్ అద్దం కింద పెట్టా, దానితోపాటు ఒక అట్ట కూడా: డివైస్ కార్డు అడుగు, ఫొటో తియ్యి, పెట్టిన ఆస్పత్రి నంబరుకి ముందే ఫోన్ చెయ్యి, ఇంట్లోవాళ్ళలో ఒకర్ని లోపలే ఉంచు.

ఏసీ ఒక వైపే పనిచేసింది, కిటికీ వైపు కూర్చుంటే ఉడికిపోతారు. అరవై మందికి ఒకటే బొమ్మ, కాబట్టి ముందు వరసలో కూర్చోకపోతే మీ వంతు వచ్చేసరికి కాఫీ టైమైపోతుంది. రెండ్రోజులు కాకుండా శనివారం మధ్యాహ్నం నుంచి పెట్టి వెయ్యి తీసుకుంటే ఐదుకి నాలుగున్నర ఇచ్చేదాన్ని. ఐసీయూలో, క్యాజువాలిటీలో, డయాలసిస్‌లో చేసేవాళ్ళు వెళ్ళండి, పొద్దున్న సెషన్‌కి ఆలస్యంగా వెళ్ళినా నష్టం లేదు. తర్వాతి బ్యాచ్ విజయనగరంలో పెడతారట, ఈసారి ఎల్‌వ్యాడ్ కంట్రోలర్ తెప్పిస్తారా అని డబ్బు కట్టేముందే అడగండి, నేను అడగలేదు.

సర్టిఫికెట్ మీద నా ఇంటిపేరు తప్పు పడింది. సరిచేసి కొరియర్ చేస్తాం అన్నారు, మూడు వారాలైంది.